మా వదిన బిగించిన కుళాయి

"గడియ పీకేస్తానత్తా. ఇంక నా వల్ల కాదు."

"పీకు. పీకిన పూటే నా గంప నెత్తినెట్టుకుని ఎల్లిపోతాను."

"ఎక్కడికెల్తావు?"

"ఎక్కడికెల్తే నీకెందుకు? సముద్రం ఎండిపోనేదు కదా."

"కుళాయి కారి కారి లోపల గచ్చంతా పాచి. మొన్న నానే జారినాను. నువ్వు గడియెట్టుకుని లోపల పడిపోతే మాకెలగ తెలుస్తాది? నిన్ను బయటికెలగ తేవాల?"

"నాను పడను."

"పడినోలందరూ సెప్పి పడినారేటి?"

"కారేది కుళాయి. కుళాయిని మార్చు. తలుపు నీకేటి సేసినాది?"

"మారుద్దామంటే మేస్త్రీని రానియ్యవు గదా! మొన్నొచ్చినోడిని వాకిట్లోంచే తగిలేసినావు."

"తగిలెయ్యనా మరి? నాను నీళ్ళోసుకునే గదిలో పరాయి మగోడు నిలబడి బీడీ కాల్సుకుంటాడా? ఆడు ఎల్లినాక నాను మళ్ళీ అక్కడే నీళ్ళోసుకోవాలా?"

మా పెరట్లో స్నానాలగది ముందు నిలబడి అరుచుకుంటున్నవాళ్ళు మా పెద్దోడూ, వాడి మేనత్తానూ. వాడి మేనత్త అంటే నా మగడి అప్ప, నాకు వదిన. ఆవిడకి పిల్లలు లేరు. మగడు వయసులోనే పోయాడు. నేను ఈ ఇంటికి కోడలిగా వచ్చేసరికే ఆవిడ ఇంట్లో ఉంది, మేం ఒడ్డు ఊరు వదిలి రాజాం వచ్చి ఇల్లు కట్టుకున్నప్పుడూ మాతోనే వచ్చింది. నేను ఆ పూట గట్టు మీద కూర్చుని ఎండునెత్తళ్ళ చేపలకి తలలు తుంపుతున్నాను. ఇద్దరి అరుపులూ విని విని, "ముందు ఆ కుళాయి కింద బకెట్టెట్టండి. మీరు దెబ్బలాడుకున్నంతసేపూ నీళ్ళు పోతన్నాయి" అన్నాను. ఎవరూ కదల్లేదు. నేనే లేచి పెట్టాను.

అప్పుడు మావాడు గొంతు తగ్గించి ఒక మాట అన్నాడు. "సరే అత్తా. కొత్త కుళాయి తెస్తాను. నువ్వే బిగించు. నీ సేతుల్లో ఆ బలం ఉందంటే గడియ జోలికి రాను. బిగించలేకపోతే మేస్త్రీ వస్తాడు, కుళాయితో పాటే గడియా పోతాది. ఒప్పుకుంటావా?"

వాడు దాంతో ఆవిడ తగ్గుతుందనుకున్నాడు. ఆవిడ ముక్కు మీద చెమట కొంగుతో తుడుచుకుని, "కొత్త కుళాయి పట్రా" అంది.

ఇది జరిగి చాలా ఏళ్ళయింది. ఇప్పుడెందుకు గుర్తొచ్చిందంటే, మొన్న ఆదివారం అదే కుళాయికి పిడి విరిగింది. మా మనవరాలు కాలేజీలో చదువుతోంది. ఫోన్లో చూసి తనే మారుస్తానంది. మేస్త్రీ కూలి మిగులుతుంది కదా అని నేనూ సరేనన్నాను. అది పాత కుళాయిని తిప్పి తిప్పి ఊడదీసి, "నాయనమ్మా, ఇదేటి? నీళ్ళు కారకుండా తెల్లటేపు ఉండాల కదా, ఏటో దారం సుట్టేసి ఉన్నాది!" అని నా దగ్గరకి తెచ్చింది. వలదారం. నల్లబడిపోయింది గానీ ఎక్కడా తెగలేదు. పారేయబోతే, "ఇలా ఇయ్యి" అని తీసుకుని అగ్గిపెట్టెకి చుట్టి దాచాను. "ఎవులు సుట్టినారు?" అంది. చెప్పడం మొదలెట్టాను. చెబుతుంటే, "నువ్వు రాయి, అచ్చరాలు నాను దిద్దుతాను" అంది. రెండో తరగతితో బడి మానేసినదాన్ని. దిద్దడానికి దానికి చాలానే ఉంటుంది.

మా వదినకి దారం పారెయ్యడం చేతకాదు. కొట్టువాడు పొట్లానికి కట్టిన పురికొస దగ్గర్నుంచి గోనెసంచి కుట్టు విప్పిన దారం దాకా అన్నీ అగ్గిపెట్టెలకి చుట్టి చూరులో దోపేది. నేనూ ఏదీ పారెయ్యను గానీ నాకు దేన్ని ఎందుకు దాచానో తెలుసు. ఆవిడకి అక్కర్లేదు. "దారమంటూ ఉంటే పనదే వస్తాది" అనేది. వస్తువులతో మాట్లాడేది. గంపని "ఒలే" అనేది, తాళంకప్పని "ఒరే" అనేది. నవ్వొస్తే అరచెయ్యి నోటికి అడ్డం పెట్టుకునేది, ఏడుపొస్తే మాత్రం ఏదీ అడ్డం పెట్టుకునేది కాదు. ఎండుచేపల గంప ఎత్తుకుని గరివిడి సంతకీ, గజపతినగరం సంతకీ తిరిగిన మనిషి. గంప దించేశాక కూడా మెడ నిటారుగానే ఉండేది, పక్కకి చూడాలంటే ఒళ్ళంతా తిప్పేది. మా కోడలు కొత్తలో అది చూసి, "పెద్దత్తకి నామీద కోపమా?" అని నన్నడిగింది. కోపం కాదే, ఆ మెడ అంతే అన్నాను.

ఆవిడ ఎవరికీ లొంగని మనిషని అందరూ అనేవారు. నేనూ ఆవిడతో తక్కువ దెబ్బలాడలేదు. కానీ ఆ స్నానాలగది సంగతి వేరు.

ఒడ్డు ఊళ్ళో మాకు స్నానాలగదులు లేవు. ఇంటి వెనక తాటాకు తడక. మూడు పక్కలా తడక, నాలుగో పక్క ఇంటి గోడ, మూలన మనిషి దూరేంత సందు. తలుపు లేదు కాబట్టి లోపలికెళ్ళిన ఆడది విప్పిన చీర తడక మీద వేసేది. చీర కనబడిందంటే లోపల మనిషుందని గుర్తు. అది చూసి ఎవరూ అటు పోరు. మా అమ్మల నాటి నుంచీ అదే అలవాటు. మా వదిన కొత్తగా పెళ్ళైన రోజుల్లో ఒకనాడు పొద్దున్నే నీళ్ళోసుకుంటుంటే సముద్రం మీంచి గాలి లేచి తడకని పీక్కుపోయింది. తడకతో పాటు చీరా పోయింది. ఒడ్డున వలలు బాగుచేసుకుంటున్న మగాళ్ళు చూశారు. ఎవరో నవ్వారు. తరవాత ఆ ఊళ్ళో ఆవిడకి ఒక పేరు పెట్టారు. ఆ పేరు నేనిక్కడ రాయను. ఈ సంగతి నాకు మా అత్త చెప్పింది. వదిన తన నోటితో ఒక్కనాడూ చెప్పలేదు, నేనూ అడగలేదు.

రాజాంలో ఇల్లు కట్టినప్పుడు పెరట్లో స్నానాలగదికి రేకు తలుపూ, లోపలివైపు ఇనప గడియా పెట్టించాం. తలుపు పెట్టిన రోజు ఆవిడ లోపలికెళ్ళి గడియ వేసింది, తీసింది, మళ్ళీ వేసింది. "అరిగిపోతాది వదినా" అన్నాను. నోటికి అరచెయ్యి అడ్డం పెట్టుకుని బయటికొచ్చింది. ఆ తరవాత రోజూ లోపలికెళ్ళే ముందు ఇంట్లో అందరికీ వినబడేలా "ఎల్తన్నాను" అనేది, గడియ లాగేది. ఒక్కోసారి నీళ్ళ చప్పుడే ఉండేది కాదు. మిగతావాళ్ళం బయట బకెట్లు పట్టుకుని నిలబడేవాళ్ళం. నాకు ఒళ్ళు మండి, "ఏటి సేస్తన్నావు లోపల?" అని తలుపు కొట్టాను ఒకనాడు.

"ఏటీ సెయ్యడం నేదే. కూకున్నాను."

"కూకోడానికి అరుగు నేదా?"

"అరుగు మీద కూకుంటే ఎవులో ఒకలు పిలుస్తారు."

బకెట్టు బోర్లించుకుని దాని మీద కూర్చునేదట. పిల్లా జెల్లా, సంతా, గంపా, నేనూ ఎవరమూ లేకుండా. ఆ గది ఆవిడకి అందుకు.

మరి మావాడిది తప్పా అంటే, తప్పని నేను అనలేను. మా వెనక వీధిలో ఒక ముసలమ్మ గడియ వేసుకుని లోపల జారిపడితే తలుపు బద్దలుకొట్టి తియ్యాల్సొచ్చింది. వీధంతా చేరింది. ఒంటి మీద నూలుపోగు లేని మనిషిని ఎవరెవరో పట్టుకుని మోశారు. అది చూసొచ్చిన రోజు నుంచే మావాడి కన్ను ఈ గడియ మీద పడింది. పైగా వదిన చేతులు అప్పటికే పాడవుతున్నాయి. వేళ్ళు పొద్దున పూట ముడుచుకుని ఉండేవి, వేడినీళ్ళలో పెడితే గానీ విచ్చుకునేవి కావు. గోనెసంచి ముడి విప్పలేక నా ముందుకి తోసి, "నాకు కనబడ్డం నేదు, నువ్వు ఇప్పు" అనేది. కళ్ళకేం కాలేదు ఆవిడకి. అవతల గట్టు మీద కాకి కూర్చుంటే ఏ కాకో చెప్పేది.

కొత్త కుళాయి వచ్చింది. దాంతో మావాడు ఒక పానా, తెల్లటేపు చుట్టా తెచ్చి అత్త ముందు పెట్టాడు. ఆవిడ టేపు కొంచెం లాగి చూసి, "ఇదేటి, ఉల్లిపొరలాగున్నాది. దీన్ని నమ్ముకుని నీళ్ళాపుతామా?" అని గోడ మీద పెట్టేసింది. చూరులోంచి వలదారం చుట్టిన అగ్గిపెట్టె తీసింది. "ఇది సముద్రంలో నానినాది. దీనికి ఈ నీళ్ళొక లెక్కా?"

పైన ట్యాంకు దగ్గర నీళ్ళు కట్టే వాల్వు ఎప్పుడో బిగుసుకుపోయింది. అందుకని ట్యాంకు ఖాళీ చెయ్యాలి. నీళ్ళు వదిలేస్తే ఊరుకుంటానా? ఇంట్లో బిందెలూ గుండిగలూ పప్పుగిన్నెలూ అన్నీ వరసగా పెట్టి నింపాను. మావాడు నన్ను చూసి, "ఇంకా గ్లాసులున్నాయమ్మా" అన్నాడు. గ్లాసులు కూడా నింపాను.

పానా, కుళాయి, దారం పట్టుకుని ఆవిడ లోపలికెళ్ళింది. "ఎల్తన్నాను" అంది. గడియ వేసుకుంది.

"కుళాయి బిగించడానికి గడియెందుకత్తా?" అన్నాడు మావాడు.

"నా గది."

పాత కుళాయి చాలాసేపు రాలేదు. బోరు నీళ్ళకి తెల్లగా ఉప్పు పేరుకుని గోడలో పైపుతో కలిసిపోయింది. తలుపు కింద సందులోంచి కిరసనాయిలు సీసా లోపలికి జరిపాను. "రా ఒరే, రా. నీకూ నాకూ ఏటి పగ?" అని దాన్ని బతిమాలడం వినబడింది. కొంతసేపటికి తిట్టడం వినబడింది. ఆ తిట్లకో ఏమో, ఊడింది. ఇనుము గచ్చు మీద పడ్డ చప్పుడుకి మావాడు ఉలిక్కిపడి తలుపు దగ్గరకొచ్చాడు. "అత్తా!"

"కుళాయిరా పడినాది. నాను కాదు."

తరవాత కొత్తది బిగించి మోటారు వెయ్యమంది. కాసేపు వేశాం. లోపల్నుంచి ఆవిడే అంది, "కారతన్నాది."

మాకు కనబడదు. చెప్పకపోతే మాకేం తెలుస్తుంది? అయినా చెప్పింది. మావాడు నా మొహం చూశాడు.

"ఒలే మరదలా," అంది లోపల్నుంచి, "వల అల్లే కర్రకి దారం ఎటేపు సుడతాం?"

"మనేపుకి."

"అదే సేసినాను. సెయ్యి అలవాటు. కుళాయి బిగిస్తంటే సుట్టిన దారమంతా ఎదురుతిరిగి ఊడొచ్చేస్తన్నాది." తనే మళ్ళీ, "అటేపుకి సుట్టాల" అంది.

పుట్టి బుద్ధెరిగినప్పట్నుంచీ ఒకవైపుకి చుట్టిన చెయ్యి. ముడుచుకున్న వేళ్ళతో, తడి దారంతో రెండోవైపుకి చుట్టాలి. ట్యాంకులో చేరిన కాసిని నీళ్ళూ ఆవిడ మీదే పడి ఉంటాయి, ధారగా చప్పుడు వినబడింది. తరవాత పానా గీరిన చప్పుడు, ఊపిరి చప్పుడు. చివరికి, "మోటారెయ్యి" అంది.

వేశాం. ట్యాంకు నిండుతున్నంతసేపూ మావాడు తలుపుకి చెవి పెట్టి నిలబడ్డాడు.

"కారతన్నాదా?"

"నేదు."

"సుక్క కూడా?"

"తలుపు తీస్తాను. వచ్చి సూసుకో."

గడియ గరగరమంది. ఆగింది. మళ్ళీ గరగర. మళ్ళీ ఆగింది.

"తియ్యత్తా."

"తీస్తన్నాను."

అంతే. ఎంతసేపైనా తలుపు రాలేదు. ఇంకోసారి గరగర కూడా రాలేదు. మావాడు పిలిచాడు, బదులు లేదు. గట్టిగా తలుపు బాదాడు. ఆ బాదుడికి పక్కింటివాళ్ళు గోడ మీంచి తొంగి చూశారు. "ఏటైనాదండీ? పడిపోయినారేటి?" అని ఒకతను గోడెక్కేశాడు. వాళ్ళ వెనక ఇంకెవరో. మావాడు పరిగెత్తి గునపం తెచ్చాడు.

నేను తలుపు సందుకి నోరు పెట్టి, "వదినా, ఏటి?" అన్నాను.

చాలా మెల్లగా వచ్చింది మాట. "ఏళ్ళకి గడియ పట్టు సిక్కడం నేదే. ఒళ్ళంతా తడిసిపోయినాను. బయట ఎవులున్నారు?"

"నానున్నాను."

"గోడ మీద ఎవులో మాటాడతన్నారు. అందర్నీ పొమ్మను."

నా జన్మలో అంత గొంతు ఎప్పుడూ ఎత్తలేదు. గోడ మీదున్నవాణ్ణి దిగమన్నాను. పెరట్లో మగాడనేవాడు ఉండడానికి వీల్లేదన్నాను. మావాణ్ణి, "గునపం కింద పడేసి నువ్వూ ఎల్లు" అన్నాను. వాడు వెళ్ళాడు. కోడలు తలుపు పక్కనే ఏడుస్తూ నిలబడింది. "అందరూ ఎల్లిపోయినారు వదినా. పానా ఉన్నాది కదా, దాంతో కొట్టు గడియని" అన్నాను.

రెండు చేతుల మధ్యా పానాని పట్టుకుని కొట్టినట్టుంది. ఇనుము మీద ఇనుము మోగింది. గడియ కదిలింది. తలుపు తెరుచుకుంది.

ఆవిడ జుట్టు మొహానికి అతుక్కుపోయి ఉంది. చీర ఒంటికి చుట్టుకుపోయింది. రెండు చేతులూ కడుపు దగ్గర పెట్టుకుంది, వేళ్ళు గాలపు కొక్కేల్లా వంగిపోయి ఉన్నాయి. నేను పొడిచీర కప్పబోతే భుజంతో తోసేసింది. "గడియకి నూనె నేదు. ఇంట్లో ఇంతమంది ఉండి ఒక్కలకీ తోచదు" అంటూ గదిలోకి వెళ్ళిపోయింది.

తరవాత మావాడు వచ్చి స్నానాలగదిలోకి తొంగి చూశాడు. కుళాయి కింద వేలు పెట్టి రాశాడు. పొడిగా ఉంది. గోడకి కొంచెం వంకరగా నిలబడింది గానీ గట్టిగా ఉంది. ఊపి చూశాడు, కదల్లేదు. "బిగించేసినాదమ్మా" అన్నాడు. గెలుపు ఆవిడదైతే వాడి మొహంలో దిగులు ఎందుకో నాకు అర్థమైంది. "మాటిచ్చినాను. గడియ ఉంటాది" అన్నాడు.

ఆ సాయంత్రం ఆవిడ ఏదీ పట్టుకోలేకపోయింది. నేను అన్నం కలిపి ముద్దలు చేసి కంచంలో వరసగా పెట్టాను. వాటిని అరచేతుల మధ్య ఎత్తుకుని తింది. మా కోడలు, "నూనె రాయనా అత్తా?" అంటే, "నాకెందుకు? గడియకి రాయి" అంది.

తరవాత చాలాకాలం బతికింది. పోయినేడాదికి ముందటి ఏడాది వానాకాలంలో జ్వరమొచ్చి, మంచం మీదే పోయింది. పాచి మీద జారిపడీ కాదు, తలుపు వెనకాలా కాదు. కానీ ఆవిడ గుర్తొచ్చినప్పుడల్లా నాకు ఆ జ్వరం గుర్తురాదు, కుళాయి బిగించిన మర్నాడే గుర్తొస్తుంది.

మర్నాడు పొద్దున్నే మావాడు అందరికంటే ముందు లేచి స్నానాలగది గడియకి కొబ్బరినూనె పెట్టాడు. పెట్టి, ఒక్క వేలితో వేసి చూశాడు, తీసి చూశాడు. నీళ్ళలా జారుతోంది. అత్త వచ్చేసరికి గట్టు మీద కూర్చుని పళ్ళు తోముకుంటున్నాడు, అటు చూడనట్టు.

ఆవిడ పొడిచీర భుజాన వేసుకుని వచ్చింది. గడియని మణికట్టుతో అటు జరిపింది, ఇటు జరిపింది. "బాగున్నాది ఒరే" అంది. గడియతో అందో వాడితో అందో తెలీదు. లోపలికెళ్ళింది. "ఎల్తన్నాను" అనలేదు. తలుపు దగ్గరగా పడింది. నేను గడియ చప్పుడు కోసం చూశాను. రాలేదు.

కాసేపటికి లోపల్నుంచి ఆవిడ కట్టిన చీర తలుపు పైకి వచ్చి వేళ్ళాడింది. చీర అడ్డం ఉంటే ఆ తలుపు పూర్తిగా మూసుకోదు, గడియ పడదు.

మావాడు చీర చూసి నోట్లో పుల్ల పారేసి, లేచి వీధివైపు వెళ్ళిపోయాడు. నేను నెత్తళ్ళ పళ్ళెం తెచ్చుకుని ఆ తలుపుకి వీపు ఆనించి కూర్చున్నాను. లోపల కుళాయి తిప్పిన చప్పుడైంది. బకెట్టు నిండింది. ఆవిడ బయటికి వచ్చేదాకా నేను అక్కడే కూర్చుని తలలు తుంపాను.